నాన్న పైట, నా కండువా

నాటకాల్లో నేను ఇప్పటిదాకా దీపాన్నయ్యాను, తులసి మొక్కనయ్యాను, కృష్ణా నదినయ్యాను, భూమాతనయ్యాను. ఒకసారి ఆవుని కూడా అయ్యాను. అంటే తోక కట్టుకుని స్టేజి మీద తిరిగానని కాదు. మా నాటక సమాజానికి నాటికలు రాసి, దర్శకత్వం కూడా తనే చేసే పెద్దమనిషికి ప్రతీకలంటే ప్రాణం. పగలంతా బ్యాంకులో లోన్ల సెక్షన్లో కూర్చుంటారు. సాయంత్రమయ్యేసరికి ఆయనకు మూసిన కిటికీ సంఘంలా, గడప హద్దులా, ఆరిన పొయ్యి ఆడదాని మనసులా కనిపించడం మొదలవుతుంది. ఆ ఆవు నాటికలో మొగుడు నన్ను తిట్టినప్పుడల్లా తెర వెనక ఆవు అరుస్తుంది. అది నేనేనట. నాటిక అయ్యాక ఒక పెద్దావిడ నా దగ్గరికొచ్చి, పాపం ఆ ఆవుకి ఎవరూ మేత వెయ్యలేదేంటమ్మా అని అడిగింది. ఆ మాట దర్శకుడిగారికి చెప్పలేదు, బాధపడతారని.

ఎగతాళి చేస్తున్నానని అనుకోకండి. నాకు నాటకమంటే పిచ్చి. భవానీపురంలో మా ఇంటి ముందు గదిలో చీరలకు ఫాల్స్ కుట్టి, పీకో చేసి ఇస్తాను. మా ఆయన వన్ టౌన్లో ఒక బట్టల హోల్‌సేల్ కొట్లో పనిచేస్తారు. చలికాలం వచ్చిందంటే మా డెల్టా ఊళ్ళలో నాటక పరిషత్తులు మొదలవుతాయి. నాలుగైదు రోజులు వరసగా పోటీ నాటికలు, ఊరూరి నుంచీ వచ్చే సమాజాలు, ముందు వరసలో కాగితాలు పట్టుకుని న్యాయనిర్ణేతలు, చివరి రోజు షీల్డులు. ఆ రోజుల్లో కుట్టుమిషను మీద దుప్పటి కప్పేసి వెళ్ళిపోతాను. చీరలిచ్చినవాళ్ళు తిట్టుకుంటారు. తిట్టుకోనీ.

ఈ పిచ్చి నాన్న నుంచి వచ్చింది. నాన్న బందరు దగ్గర ఒక ఊళ్ళో మగ్గం నేసేవాడు. పగలు కాళ్ళు మగ్గం గుంటలో, పొద్దుగూకితే రాణివాసంలో అని మా నాయనమ్మ దెప్పేదట. ఎందుకంటే నాన్న ఆడవేషాలు కట్టేవాడు. అప్పట్లో మా చుట్టుపక్కల చిన్న ఊళ్ళ నాటకాలకు ఆడవాళ్ళు దొరికేవాళ్ళు కాదు. నాన్న సన్నగా పొడుగ్గా ఉండేవాడు, గొంతు చక్కనిది. రాణి, పతివ్రత, సవతి, గయ్యాళి అత్త, ఏది కావాలంటే అది వేసేవాడు. ఊళ్ళో ఆడవాళ్ళు నాన్న కట్టు చూసి చీర కట్టుకోవడం నేర్చుకున్నారని చెప్పుకునేవారు. కొంత కోతలే అయ్యుంటాయి గానీ, కొంత నిజమే.

తర్వాత నిజం ఆడవాళ్ళు స్టేజి ఎక్కడం మొదలైంది. మంచిదే, లేకపోతే నేనెక్కడుండేదాన్ని? కానీ ఆ మధ్యకాలంలో పక్క ఊళ్ళో ఒక నాటకం. మొగుడు చచ్చిపోయి, నాన్న అతని మీద పడి ఏడిచే సీను. వెనక కూర్చున్న కుర్రాళ్ళు ఈలలేసి నవ్వారు. ఒకడు నవ్వితే పందిరంతా నవ్వింది. నాన్న ఏడుపు ఆపి, లేచి, విగ్గు తీసి చేత్తో పట్టుకుని సీను మధ్యలోనే స్టేజి దిగి వచ్చేశాడు. మర్నాటి నుంచి మీసం పెంచాడు. మళ్ళీ నాటకం ఆడలేదు. ఆడకపోవడమే కాదు, చూడటానికి కూడా వెళ్ళలేదు. నేనప్పటికి పలకాబలపం పిల్లని.

కానీ నేను స్టేజి ఎక్కుతానంటే నాన్న వద్దనలేదు. కూర్చోబెట్టి నేర్పాడు. మామూలుగా నేను దబదబా నడుస్తాను, మా ఆయన్నడగండి, మేడ మీదివాళ్ళకి వినపడుతుందంటారు. నిజం ఆడవాళ్ళ నడక స్టేజి మీద ఆనదమ్మా, దాన్ని మనం తయారుచేసుకోవాలి అనేవాడు నాన్న. కుచ్చిళ్ళు కాలికి తగలకుండా అడుగెలా వెయ్యాలి, తలుపు వెనక నుంచి సగమే ఎలా కనపడాలి, ఇవన్నీ నేర్పాడు. అన్నిటికన్నా ముఖ్యంగా పైట. భయం వేసినా కోపం వచ్చినా మాట కంటే ముందు కుడి చెయ్యి ఎడమ భుజం మీదికి పోవాలి, వేళ్ళతో పైట ఇంత లాగి వదలాలి. అది ఒంటబట్టడానికి నాకు చాలా కాలం పట్టింది. ఒంటబట్టాక ఇక వదల్లేదు. స్టేజి మీద నా ఆడతనమంతా ఒక మగవాడి దగ్గర నేర్చుకున్నదని తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఇంత నేర్పిన మనిషి నా నాటకం ఒక్కటి చూడలేదు. అమ్మ పోయాక నాన్న మా దగ్గరే ఉంటున్నాడు. పరిషత్తుకు వ్యాను ఎక్కేముందు ప్రతిసారీ రమ్మని అడిగేదాన్ని.

"కింద కూర్చుని చూడలేనమ్మా. మీరెళ్ళి రండి" అనేవాడు ప్రతిసారీ.

తిరిగొచ్చాక మాత్రం డైలాగు డైలాగూ అడిగి తెలుసుకునేవాడు, తప్పులు దిద్దేవాడు. చూడకుండానే దిద్దేవాడు. నాకు బహుమతులు రాకపోయినా అంత బాధ ఉండేది కాదు. నాన్న చూడలేదన్నది మాత్రం ప్రతిసారీ ముల్లులా గుచ్చుకునేది.

మొన్నటి చలికాలం గుడివాడ అవతల ఒక ఊరి పరిషత్తుకు మా నాటిక ఎంపికైంది. కథ తేలికే. ఒక కిరాణా కొట్టు ఆసామి. ఇంట్లో అంతా అతని మాటే. భార్య నాటికంతా నోరు విప్పదు, స్టేజి మధ్యలో ఉన్న దీపంలో నూనె పోస్తూ ఉంటుంది. కూతురు కొట్టు నేను చూసుకుంటానంటే అతను ఇంతెత్తున లేస్తాడు. చివరి సీనులో భార్య మొదటిసారి మాట్లాడుతుంది. అప్పుడతను తన భుజం మీది కండువా తీసి ఆమె భుజం మీద వేస్తాడు. దీపం భార్యకు ప్రతీక, కండువా పెత్తనానికి ప్రతీక అని మా దర్శకుడిగారు మాకు ముందే చెప్పేశారు. ఎప్పటిలాగే నేను దీపాన్ని.

అంతలో మొగుడి వేషం వేసే అతను మొదటి రిహార్సల్‌కి ఎర్రబట్టలతో, మెడలో మాలతో, పెరుగుతున్న గడ్డంతో వచ్చాడు. భవానీ దీక్ష తీసుకున్నాడు. పరిషత్తు తేదీలు తెలియకముందే మొక్కుకున్నాడట. దీక్షలో ఉన్నవాళ్ళు కోపపడకూడదు, ఒకరినొకరు భవానీ అని పిలుచుకోవాలి, ఆడవాళ్ళందరూ అమ్మవారితో సమానం. ఈ వేషమేమో నాటికంతా పెళ్ళాన్ని తిట్టేది. గడ్డానికి ఏదో ఒకటి చెప్పుకోవచ్చు, ముందు డైలాగు చెప్పి చూడమన్నారు దర్శకుడు. అతను కళ్ళు మూసుకుని, లోపల దణ్ణం పెట్టుకుని, నా వైపు చెయ్యి చూపించి, నోర్ముయ్యి భవానీ అన్నాడు. ఆ రోజు రిహార్సల్ ఇక సాగలేదు. నవ్వి నవ్వి కూతురి వేషం వేసే పిల్లకి ఎక్కిళ్ళొచ్చాయి.

వేరే మనిషిని వెతకాలని అందరూ తలలు పట్టుకున్నారు. అప్పుడు నేనన్నాను, ఆ వేషం నేను వేస్తానని.

ఎందుకన్నానంటే పెద్ద కారణమేమీ లేదు. ఇన్నేళ్ళుగా స్టేజి మీద నిలబడే ఉన్నాను. కుర్చీ ఎప్పుడూ మొగుడిదే. కాఫీ ఎప్పుడూ నేనే ఇచ్చాను. ఒక్కసారి ఆ కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చుని, కాఫీ ఏదీ అని గట్టిగా అరవాలనిపించింది, అంతే. దర్శకుడిగారు ముందు కంగారుపడ్డారు. అటూ ఇటూ నడిచారు. ఉన్నట్టుండి ఆయన కళ్ళు మెరిశాయి. మగవాడి అధికారాన్ని ఒక స్త్రీ దేహం మోయడం అని మొదలుపెట్టి చాలాసేపు మాట్లాడారు. నాకు సగం అర్థం కాలేదు గానీ వేషం మాత్రం దొరికింది. భార్య వేషానికి తెనాలి వైపు నుంచి ఒక నటిని మాట్లాడారు. పాపం ఆవిడ చలికాలమంతా నాలుగు సమాజాలకు ఆడుతుంది, రిహార్సల్‌కి ఆఖర్లోనే వస్తుంది.

మగవాడు ఎలా ఉంటాడో చూడాలంటే ఇంట్లో ఒకరున్నారు కదా. ఇన్నేళ్ళ కాపురంలో మా ఆయన్ను నేను అంత శ్రద్ధగా ఎన్నడూ చూడలేదు. తలుపు తీసే ఉన్నా గుమ్మంలో ఒక దగ్గు దగ్గి లోపలికొస్తారు. ముందు కూర్చుంటారు, తర్వాత ఏం కావాలో గుర్తొస్తుంది. కళ్ళజోడు కనపడకపోతే వెతకరు, నా కళ్ళజోడేదీ అని ఇంటినంతటినీ కలిపి అడుగుతారు. ఇల్లు జవాబు చెప్పాలి. ఇవన్నీ నేను నోరు తెరుచుకుని చూస్తుంటే ఆయనకు అనుమానమొచ్చి నిలదీశారు. చెప్పేశాను. ఆ రోజు నుంచీ ఆయన ఇంట్లో ఫోటో దిగుతున్నవాళ్ళలా బిగుసుకుని నడవడం మొదలుపెట్టారు. మంచినీళ్ళు తనే తెచ్చుకు తాగారు. నాటకం వల్ల మనుషులు మారతారని మా దర్శకుడిగారు అంటుంటారు, నిజమేనేమో.

చిక్కల్లా ఎదురు మనిషి లేకపోవడం. మధ్యాహ్నం పూట కుర్చీ వేసుకుని, కండువా కప్పుకుని, గోడను పట్టుకుని తిడుతుండేదాన్ని. గోడను ఎంతసేపని తిడతాం? నాన్న కిటికీ దగ్గర పేపరు చదువుతూ వినేవాడు. ఒకరోజు పేపరు మడిచి పక్కన పెట్టి, దండెం మీది తువ్వాలు తీసి పైటలా వేసుకుని నా ముందుకొచ్చి కూర్చున్నాడు, నాకు వీపు పెట్టి.

"ఊఁ, ఇప్పుడు తిట్టు" అన్నాడు.

నాలుగు మాటలు తిట్టేసరికి నేను డైలాగు మర్చిపోయాను. అక్కడ కూర్చున్నది తెల్లమీసాల ముసలాయన. కానీ ఆ వంగిన మెడ, నేను గొంతు పెంచినప్పుడల్లా ఇంచుమించు కనపడనంతగా దగ్గరికి ముడుచుకునే ఆ భుజాలు మా నాన్నవి కావు. ఏళ్ళ తరబడి తిట్లు తింటున్న ఇల్లాలు అక్కడ కూర్చుంది. ఇలాంటి నటుడు ఇన్నాళ్ళూ మా ఇంట్లో పేపరు చదువుకుంటూ కూర్చున్నాడా అని ఏడుపొచ్చింది.

ఆ తర్వాత ఇక మధ్యాహ్నాలన్నీ నాటకమే. నాన్న అన్నం తినగానే మొహం కడుక్కుని, కుర్చీ తనే వేసి నా కోసం ఎదురుచూసేవాడు. భార్య మాట్లాడే చివరి సీను మొత్తం నోటికి వచ్చేసింది. ఒకరోజు చీరకి ఫాల్స్ వేయించుకుందామని వచ్చిన ఎదురింటి ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. లోపల నేను కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి, ఈ ఇంట్లో మగాణ్ణి నేను అని అరుస్తున్నాను. నాన్న తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కుతున్నాడు. ఆవిడ చీర గుమ్మం మీద పెట్టి అలాగే వెనక్కి నడిచి వెళ్ళిపోయింది.

అన్నీ కుదిరాయి గానీ నా కుడి చెయ్యి మాట వినలేదు. కోపం డైలాగు రాగానే అది తిన్నగా ఎడమ భుజం మీదికి పోయి కండువాని పైటలా సర్దేది. ఎంత ఆపినా ఆగదు. నాన్నకి నవ్వూ కోపమూ రెండూ వచ్చేవి. చివరికి తనే ఒక ఉపాయం చెప్పాడు. కొట్టు తాళంచెవుల గుత్తి ఒకటి ఆ చేతికిచ్చాడు. కొట్టు ఆసామి చేతిలో తాళాలుండటం సహజమే కదా. గుత్తి బిగించి పట్టుకుంటే చెయ్యి ఎక్కడికీ పోలేదు.

పోటీ రోజున మధ్యాహ్నానికే మా వ్యాను ఆ ఊరు చేరింది. మాది సాయంత్రం మొదటి నాటిక. గ్రీన్ రూముగా ఇచ్చిన స్కూలు గదిలో పెట్టెలు దించుతుంటే తెనాలి నటి భర్త ఫోను చేశాడు. వరసగా రెండు ఊళ్ళలో మంచులో ఆడి ఆవిడకు గొంతు పూర్తిగా పోయింది. గుసగుస కూడా రావడం లేదు. ఫోను పెట్టేసి దర్శకుడిగారు ట్రంకు పెట్టె మీద కూలబడ్డారు. నాటిక విరమించుకుందామన్నారు ఒకరు. ఆ డైలాగులన్నీ వచ్చిన మనిషి ఒకరున్నారని నేనన్నాను. ఎవరో చెప్పాను.

దర్శకుడిగారు చాలా మర్యాదగానే చెప్పారు. "మీ నాన్నగారంటే నాకు గౌరవమేనమ్మా. కానీ ఈ రోజుల్లో అంత వయసాయన చీర కట్టుకుని వస్తే జనం నవ్వుతారు. ఆయన్ని మనమే నవ్వులపాలు చేసినట్టవుతుంది."

నా భయమూ అదే. ఆ నవ్వు నుంచి నాన్న ఇంతకాలం పారిపోయాడు. మళ్ళీ నవ్వితే ఈసారి మధ్యాహ్నాల్లో కుర్చీ వేసే నాన్న కూడా మిగలడు. అయినా బయటికెళ్ళి ఇంటికి ఫోను చేశాను. విషయం చెప్పాను.

"నవ్వుతారేమోనమ్మా" అన్నాడు నాన్న.

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "నవ్వొచ్చు నాన్నా. నేనూ మీసం పెట్టుకుని వస్తున్నాగా. నవ్వితే ఇద్దర్నీ కలిపే నవ్వుతారు."

నాన్న ఫోను పెట్టేశాడు. నేను స్కూలు మెట్ల మీద కూర్చుండిపోయాను. కాసేపటికి మా ఆయన ఫోను. మీ నాన్నగారు కబురుచేస్తే కొట్లోంచి వచ్చి కారు మాట్లాడాను గానీ మీ నాన్నగారు మంగలి షాపు దగ్గర ఆపమన్నారు, లోపల కూర్చున్నారు, ఇప్పుడే బయల్దేరతాం అన్నారు.

కారు దిగిన నాన్నను నేను గుర్తుపట్టలేదు. పై పెదవి నున్నగా, తెల్లగా, ఎండ చూడని చర్మంలా ఉంది. అచ్చం మా చిన్న మేనత్త. అప్పటికే నాకు గమ్ముతో మీసం అతికించారు. నన్ను నాన్నా, నాన్నను నేనూ చూసుకుని నవ్వాపుకోలేకపోయాం. దర్శకుడిగారు చూస్తే దీనికీ ఒక ప్రతీక చెబుతారని నేను గబగబా నాన్నను లోపలికి తీసుకెళ్ళాను. చీర తనే కట్టుకుంటానన్నాడు, ఎవరినీ రానివ్వలేదు. బయటికొచ్చాక మేకప్ అతను చూసి, ఈ కుచ్చిళ్ళు ఎవరు పెట్టారమ్మా అని నన్నడిగాడు.

గంట కొట్టే ముందు దర్శకుడిగారి కన్ను నా చేతిలోని తాళాల మీద పడింది. తాళంచెవులు ఇల్లాలికి ప్రతీకట. పెత్తనం చేసే భర్త చేతిలో అవి ఉంటే నాటిక అర్థమే తలకిందులవుతుందట. నేను చెప్పేది వినకుండానే గుత్తి లాగేసుకుని వెళ్ళిపోయారు. అంతలో తెర లేచింది.

నటీనటుల పేర్లు మైకులో చదివినప్పుడే జనంలో గుసగుసలు మొదలయ్యాయి. తెర లేచేసరికి నాన్న దీపం పక్కన, జనానికి వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. వెనక నుంచి ఎవరో ఒక ఈల వేశారు. నాన్న భుజం ఒక్కసారి బిగుసుకోవడం నేను చూశాను. నాన్న మెల్లగా లేచాడు. నూనె గిన్నె పట్టుకుని దీపం చుట్టూ తిరిగి వచ్చి, వత్తి ఎగదోసి, మళ్ళీ కూర్చున్నాడు. అంతే చేశాడు. కానీ ఆ నడక చూసి పందిరి సద్దుమణిగింది. ముందు వరసల్లో పంచెలు కట్టుకున్న పెద్దవాళ్ళు కొందరు కుర్చీల్లో ముందుకు జరిగారు. వాళ్ళకు ఆ నడక తెలుసు. కుర్రవాళ్ళకు తెలియదు గానీ వాళ్ళూ నోరు మూసుకున్నారు.

నాకు ధైర్యమొచ్చింది. గుమ్మంలో దగ్గాను, కుర్చీలో కాళ్ళు చాపాను, కాఫీ కోసం అరిచాను. ఇన్నేళ్ళ కోరిక తీరింది, ఎంత హాయిగా ఉందో చెప్పలేను. కూతురు వచ్చి కొట్టు తనకిమ్మని అడిగింది. నేను కుర్చీలోంచి లేచి, ముందుకొచ్చి, పందిరి దద్దరిల్లేలా నాటికలోకెల్లా పెద్ద డైలాగు చెప్పాను.

"ఈ ఇంట్లో మగాణ్ణి నేను!"

చెప్పడమూ, ఖాళీగా ఉన్న నా కుడి చెయ్యి ఎడమ భుజం మీదికి పోయి కండువాని పైటలా ఇంత లాగి వదలడమూ ఒకేసారి జరిగాయి. అదే క్షణంలో దీపం పక్కన నాన్న, నా అరుపుకి బెదిరిన ఇల్లాలిగా, తన పైట లాగి వదిలాడు. అదే చెయ్యి, అదే భుజం, అవే వేళ్ళు. మొగుడూ పెళ్ళామూ ఇద్దరూ ఒక్కలా పైట సర్దుకున్నారు.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఎవరో కిసుక్కుమన్నారు. ఆపైన పందిరి మొత్తం నవ్వింది. కుర్చీలు కిర్రుకిర్రుమనేలా నవ్వారు. తప్పు చేసింది నేను, కానీ నవ్వు నాన్న మీద పడుతుందనుకున్నాను. ఇక నాన్న లేస్తాడు, విగ్గు తీసి చేత్తో పట్టుకుంటాడు, మెట్లు దిగుతాడు. అంతా కళ్ళముందు కనిపించింది.

నాన్న లేచాడు. కానీ మెట్ల వైపు వెళ్ళలేదు. నా దగ్గరికొచ్చాడు. నా భుజం మీది కండువా తీసి, దులిపి, మగవాళ్ళు వేసుకునేట్టు సరిగ్గా వేసి, రెండు వేళ్ళతో అణిచాడు. నాటికంతా నోరు విప్పకూడని భార్య, దీపంలాంటి భార్య, చివరి సీను ఇంకా చాలా దూరం ఉండగానే మాట్లాడింది.

"ఇన్నేళ్ళ కాపురం గదండీ, నా అలవాటు మీకొచ్చేసింది. కానివ్వండి, కోప్పడండి."

అని వెనక్కి వెళ్ళి దీపం దగ్గర కూర్చుంది.

ఆ చప్పట్లు నేను మర్చిపోలేను. నవ్వుతూనే కొడుతున్నారు, కొడుతూనే కళ్ళు తుడుచుకుంటున్నారు. తెర పక్కన దర్శకుడిగారు తల పట్టుకుని కూర్చున్నారు, ఆయన మౌన దీపం మాట్లాడేసింది మరి. నేనెలాగో గొంతు కూడదీసుకుని కోప్పడ్డాను. ఎంత కోప్పడితే అంత నవ్వారు. దాంతో ఆ మొగుడు జనానికి దుర్మార్గుడిలా కాక మనింట్లో మనిషిలా కనిపించాడు. చివర్లో నాన్న తన అసలు డైలాగులు చెప్పాడు. ఈసారి ఒక్కరూ నవ్వలేదు. నేను కండువా తీసి నాన్న భుజం మీద వేశాను. ఆ భుజం మీద కండువాని చూసి నేను గర్వపడింది నటన కాదు.

చివరి రోజు సాయంత్రం బహుమతులకు మళ్ళీ వెళ్ళాం. నాన్న కూడా వచ్చాడు, కానీ గ్రీన్ రూములోనే కూర్చున్నాడు. న్యాయనిర్ణేతల్లో ఒకాయన మైకు పట్టుకుని మా నాటిక గురించి చాలా చెప్పారు. భర్త కండువాను పైటగా సర్దుకోవడం, భార్య దాన్ని తిరిగి కండువాగా మార్చడం ఇటీవల తాను చూసిన గొప్ప ప్రతీక అన్నారు. మగాడి పెత్తనం కూడా ఇంటి ఆడది దిద్దితేనే నిలబడుతుందన్నది అందులోని సూచన అన్నారు. నా పక్కన మా దర్శకుడిగారు, అవును అదే, అన్నట్టు తలాడించారు. తాళాల గుత్తి ఇంకా ఆయన జేబులోనే ఉందని నాకు తెలుసు. అంత సంతోషంగా ఉన్న మనిషిని ఏమంటాం?

ఉత్తమ నటి బహుమతి దగ్గరికొచ్చేసరికి కార్యదర్శిగారు కాగితం చూసి, న్యాయనిర్ణేతల వైపు చూసి, మళ్ళీ కాగితం చూశారు. వాళ్ళు చదవమని సైగ చేశారు. మా నాన్న పేరు చదివారు. షీల్డు మీద ఉత్తమ నటి అని ముందే అచ్చు వేసేశారు, మార్చడానికి లేదు. నాన్న తెల్లపంచె కట్టుకుని స్టేజి ఎక్కి, ఆ అక్షరాలు చదువుకుని, షీల్డు కళ్ళకద్దుకున్నాడు. ముందు వరసల పెద్దవాళ్ళు లేచి నిలబడ్డారు. ఉత్తమ నటుడు బహుమతి వేరే ఊరి సమాజానికి పోయింది, నాకేమీ రాలేదు. కొంచెం కుళ్ళుకున్నాను, అబద్ధమెందుకు. కానీ ఆ కుళ్ళు కూడా తియ్యగానే ఉంది.

కారులో నాన్న షీల్డు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ముందు సీట్లో మా ఆయన. పామర్రు దాటాక ఇక ఆగలేక అడిగేశాను, అందరి గురించీ అందరూ చెప్పారు, ఇంతకీ నేనెలా చేశానని.

నాన్న నా వైపు తిరిగాడు.

"మగాడి నడక రాలా నీకు. మీ ఆయన ఫోటోకి నిలబడ్డట్టు నడిచావు" అన్నాడు. ముందు సీట్లోంచి ఒక దగ్గు వినపడింది.

"మిగతా?" అన్నాను.

"మిగతాది నాకేం తెలుసమ్మా? నేను వేషంలో ఉన్నా. నిన్ను చూసే తీరికెక్కడిది నాకు?"

నా మొహం చిన్నబోయినట్టుంది. నాన్న షీల్డు తీసి నా ఒళ్ళో పెట్టాడు. తర్వాతి నాటకం ఎప్పుడని అడిగాడు. వచ్చే నెలలో, మన విజయవాడలోనే, మళ్ళీ పెళ్ళాం వేషమే అన్నాను.

"అయితే ముందు వరసలో నాకో కుర్చీ వేయించు. ఈసారి కూర్చుని చూస్తాను."